పిల్లల కథలు రాయదలచిన వారికి

(శతాబ్ది ఉత్సవాల సందర్భంగా చోడవరంలో ఉపాధ్యాయులు, స్త్రీల మైత్రి సభ్యులు, యువజనులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల కోసం కథలు రాయాలనే కోరిక గలవారికి నేర్చుకొనే వసతులు ఏమున్నవి, పోటీలు ఏమున్నవి అన్న విషయమై మాట్లాడవలసినదిగా నిర్వాహకులు మమ్ములను కోరారు. ఆహ్వానం అందిన నాటి నుండి నేటి వరకు మా వద్దకు వచ్చిన వారు అడిగినవి మాత్రం మూడే ప్రశ్నలు. కథ ఎక్కడికి పంపాలండీ? పోటీ ఎప్పుడండీ? బహుమతి ఎంతండీ? ఎలా రాయాలి అని ఒక్కరే అడిగారు. ఆమె అంగన్‌వాడీలో పనిచేసే సోదరి. "నేను చదువుతుంటే పిల్లలు లేచిపోతన్నారండి, ఏటి చెయ్యాలి?" అన్నారు. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగానే సాగుతుంది. పోటీల సంగతి కూడా చెబుతాము. చెప్పకపోతే మీరు మమ్ములను ఇంటికి పోనివ్వరు గదా!

ముందు పాత సంగతి కొంచెం. తెలుగులో పిల్లల రచయితకు బడి అన్నది ప్రత్యేకంగా ఎన్నడూ లేదు. పత్రికే బడి. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, అంటే మన పెద్దలకు తెలిసిన రేడియో అన్నయ్య, అక్కయ్య, 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. ఆ పత్రికలో పెద్దలు రాసినవే గాక పిల్లలు పంపినవి కూడా అచ్చయ్యేవి. ముళ్ళపూడి వెంకటరమణగారు చిన్నతనంలో రాసిన 'అమ్మ మాట వినకపోతే' అనే కథ ఆ 1945లోనే 'బాల'లో వచ్చింది. అప్పటికి ఆయనకు పధ్నాలుగేళ్ళు. తరువాత ఆయన 'బుడుగు' రాశారంటే, పిల్లవాడి మాటను పిల్లవాడి మాటలాగానే అచ్చువేయవచ్చునని చిన్ననాడే చూచి ఉండటం దానికి కొంతైనా తోడ్పడి ఉంటుందని మా నమ్మకం.

1947 జూలైలో 'చందమామ' వచ్చింది. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుండి 1980లో చనిపోయేవరకు దాని సంపాదకత్వపు పని చూశారు. వచ్చిన కథను ఆయన యథాతథంగా వేసేవారు కాదు. నచ్చిన కథను తిరిగి సాఫుగా రాసి వేసేవారు. దానికి నొచ్చుకొన్నవారు ఉన్నారు. కాని తాను పంపిన కాగితాన్ని, అచ్చయిన పుటను పక్కపక్కన పెట్టుకొని చూచుకొన్న రచయితకు అంతకు మించిన పాఠం మరొకటి లేదు. ఏ వాక్యం పోయింది, ఏ విశేషణం ఎగిరిపోయింది, కథ ఎక్కడ మొదలయింది అన్నది కళ్ళ ఎదుట కనబడుతుంది. అటువంటి పాఠం ఇప్పుడు ఎవరు చెబుతున్నారు? అందుకే కొంచెం ఎక్కువసేపు ఆ సంగతి చెప్పాము.

'చందమామ'లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. ఇక్కడ తెల్లజుట్టువారు ఎవరైనా ఉంటే చప్పున గుర్తుకు వస్తుంది. రెండు ఫోటోలు వేసేవారు. రెంటికీ చిన్న చిన్న వ్యాఖ్యలు రాయాలి, ఆ రెండు వ్యాఖ్యలకూ పొత్తు కుదరాలి, పోస్టుకార్డు మీద రాసి పంపాలి. అంతే. పెద్ద బహుమతి కాదు. కాని కార్డు ముక్క మీద మూడు మాటలతో మెప్పించటం ఎంత కష్టమో ఆ పోటీ ఇంటింటికీ నేర్పింది. పోటీ అంటే ఇలాంటిది కావాలని మా అభిప్రాయం. ఓడినవాడు కూడా వచ్చే నెల సంచిక తెరిచి, గెలిచిన వ్యాఖ్య చూచి, "అయ్యో, ఇంత సులువా!" అనుకొని ఏదో ఒకటి నేర్చుకొనేవాడు.

ఇంకొక మాట. ఆ పత్రిక అట్టమీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్యగారు మనకు దూరపువారు కారు. శ్రీకాకుళంలో పుట్టిన మనిషి, చివరి సంవత్సరాలు మన కశింకోటలో గడిపి 1992లో అక్కడే కన్నుమూశారు. అనకాపల్లి దాటితే కశింకోట. మన పిల్లల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసునో పాఠశాల ఉపాధ్యాయులు ఒకసారి అడిగి చూడండి. అలాగే 'తోకచుక్క' మొదలైన సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు ఆ సీరియళ్ళపై ఉండేది కాదు. పిల్లలు పేరు అడగలేదు, తరువాత ఏమయిందని అడిగారు. పేరు కోసం తొందరపడే యువకులు ఈ సంగతి కొంచెం మనసులో పెట్టుకోవాలి.

'చందమామ' 2012-13 ప్రాంతంలో ఆగిపోయింది. 1971లో మొదలైన 'బొమ్మరిల్లు' మొదలైనవాటి వెలుగు అంతకు ముందే తగ్గింది. మరి ఇప్పుడు రాసేవారికి ఏమున్నది?

దినపత్రికల పిల్లల పుటలు ఉన్నవి. ఈనాడు 'హాయ్ బుజ్జీ' పుట మీకు తెలిసినదే. అక్కడ కథకు చోటు చాలా తక్కువ. చిన్న కథ రాయటం అలవరచుకోవటానికి అది మంచిదే. చెన్నేకొత్తపల్లి నుండి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పత్రిక మాకు చాలా ఇష్టమైనది. అక్కడ పల్లెటూరి పిల్లలు చెప్పిన కథలు, రాసిన కథలు వారి పేర్లతోనే వచ్చాయి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థవారు, అమెరికాలోని తెలుగువారి తానా సంస్థతో కలిసి, బొమ్మల కథల పుస్తకాలకూ పిల్లల నవలలకూ పోటీలు పెట్టారు. వాటిలో మెచ్చదగిన సంగతి ఏమంటే, ఎంపికైన రచన పుస్తకంగా పిల్లల చేతికి వస్తుంది. షీల్డుగా అల్మారాలో కూర్చోదు. పోటీ ప్రకటన చూడగానే మనం అడగవలసిన మొదటి ప్రశ్న, ఎంపికైన కథ చివరకు ఎవరి చేతికి చేరుతుంది అన్నదే.

నేషనల్ బుక్ ట్రస్టువారు 1993లో బాలసాహిత్యానికి ప్రత్యేక కేంద్రం పెట్టారు. వారు అప్పుడప్పుడు ఆయా భాషల రచయితలకు శిబిరాలు జరుపుతారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో 'స్టోరీవీవర్' అనే ఉచిత భాండాగారం తెరిచారు. సెల్ ఫోనులోనే తెలుగు కథలు చదువుకోవచ్చు. రాయాలనుకొనేవారికి అందులో ఒక గొప్ప ఉపయోగం ఉన్నది. అక్కడ కథలను నాలుగు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టు కథ సుమారు 250 మాటల లోపు, రెండవది 600 లోపు, మూడవది 1500 లోపు, నాలుగవది అంతకు మించి. అప్పుడే అక్షరాలు కూడబలుక్కొనే బిడ్డకు మొదటి మెట్టు, తనంతట తాను చదువుకొనే బిడ్డకు నాలుగవది. మనలో చాలామంది ఎవరికి రాస్తున్నామో నిర్ణయించుకోకుండా "పిల్లలకు" అని రాసేస్తారు. అయిదేళ్ళ బిడ్డా పిల్లే, పన్నెండేళ్ళ బిడ్డా పిల్లే. ఇద్దరికీ ఒకే చొక్కా కుట్టిస్తామా?

ఇక కేంద్ర సాహిత్య అకాడమీవారి బాలసాహిత్య పురస్కారం 2010 నుండి ఇస్తున్నారు. యాభై వేల రూపాయలు, తామ్రఫలకం. ఇది అచ్చయిన పుస్తకాలకు, చాలాకాలం కృషి చేసినవారికి వచ్చేది. కొత్తవారికి కాదు. అయినా మన ఉత్తరాంధ్రకు అది రాకుండా పోలేదు. పార్వతీపురానికి చెందిన బెలగాం భీమేశ్వరరావుగారికి 2019లో 'తాత మాట వరాల మూట' పుస్తకానికి వచ్చింది. హైదరాబాదులో ఉంటేనే పిల్లల రచయిత కాగలమనే వారికి ఆ పేరు చెప్పండి.

పోటీలకు పంపేవారికి కొన్ని జాగ్రత్తలు. కథ సొంతమని, అనువాదమూ అనుసరణా కాదని, ఎక్కడా అచ్చు కాలేదని, మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం అడుగుతారు. అది మర్యాద కోసం రాసే కాగితం కాదు. వాట్సాప్‌లో తిరిగిన కథకు పేర్లు మార్చి పంపేవారు ఉన్నారు, దొరికిపోయినవారూ ఉన్నారు. ఒక ప్రతి తప్పక మీ దగ్గర ఉంచుకోండి. గెలిచిన కథపై హక్కులు ఎవరివో ప్రకటనలో చదివి తెలుసుకోండి. ప్రవేశ రుసుము కట్టమనేవారి దగ్గర, "మీ కథ ఎంపికైనది, సంకలనంలో వేస్తాము, ఇరవై ప్రతులు మీరు కొనాలి" అనేవారి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మాకు తెలిసిన ఒక పంతులమ్మగారు అలా కొన్న ప్రతులు ఈనాటికీ వారి మంచం కింద అట్టపెట్టెలో ఉన్నవి. ఆమె బడి పిల్లల్లో ఒక్కరూ ఆ కథ చదవలేదు.

ఇంతవరకు చిరునామాలు. ఇప్పుడు అసలు ప్రశ్న. పిల్లలు ఎందుకు లేచిపోతున్నారు?

స్వీడన్ దేశపు ఆస్ట్రిడ్ లింద్‌గ్రెన్ అనే రచయిత్రి సంగతి చెబుతాము. 1941లో ఆమె కూతురు న్యుమోనియాతో మంచం పట్టింది. కథ చెప్పమని అడిగి, 'పిప్పీ' అన్న వింతపేరు కూడా ఆ బిడ్డే పెట్టింది. తల్లి చెబుతూ పోయింది. అమ్మానాన్నలు లేకుండా ఒంటరిగా ఉండే పిల్ల, గుర్రాన్ని ఎత్తేంత బలం, పెద్దవాళ్ళంటే భయం లేదు. మూడేళ్ళ తరువాత, 1944లో, ఆమె మంచు మీద జారి కాలు బెణికి ఇంట్లో ఉండగా ఆ కథలు కాగితం మీద పెట్టి, కూతురు పదవ పుట్టినరోజుకు కానుకగా ఇచ్చారు. ఒక ప్రతి పేరున్న ప్రచురణ సంస్థకు పంపితే వద్దన్నారు. ఆ ఏడే మరొక ప్రచురణ సంస్థ ఆడపిల్లల నవలలకు పోటీ పెడితే వేరే రచన పంపారు. రెండవ బహుమతి వచ్చింది. 1945లో అదే సంస్థ మరల పోటీ పెడితే, వద్దని తిప్పి పంపిన పిప్పీనే సరిదిద్ది పంపారు. మొదటి బహుమతి వచ్చింది.

ఈ కథ చెప్పి "చూశారా, పట్టుదల ఉంటే గెలుస్తారు" అని ముగించటం మాకు తెలుసు. కాని మేము చూపదలచినది వేరు. ఆ కథను అచ్చుకు ముందు ఒక బిడ్డ మూడేళ్ళపాటు విన్నది. ఎక్కడ నవ్విందో, ఎక్కడ "తరువాత?" అన్నదో తల్లికి తెలుసు. ప్రచురణకర్త వద్దన్నా ఆమె ఆ కథను పారేయకపోవటానికి ఆ వినికిడే కారణమని మేము అనుకొంటాము. పోటీలో తీర్పరులు ముగ్గురో నలుగురో పెద్దవాళ్ళు. వారి ముందు నిలబడేసరికి ఆ కథ పిల్లల పరీక్ష దాటి ఉన్నది.

మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతున్నది. కథ రాసిన మరుసటి రోజే పోస్టులో పడుతుంది, లేదా ఈ-మెయిల్‌లో పోతుంది. ఫలితం వచ్చేవరకు, కొన్నిసార్లు ఫలితం వచ్చాక కూడా, ఒక్క బిడ్డ చెవిని అది తాకదు. పోటీవారు గెలిచినవారి పేర్లు ప్రకటిస్తారు. గెలవనివారికి ఎందుకు గెలవలేదో చెప్పేవారు లేరు. ఏడాదికోసారి పంపటం, పేరు రాకపోవటం, ఇలా నాలుగేళ్ళు గడిస్తే మంచి చేయి ఉన్నవాళ్ళు కూడా కలం మూసేస్తారు. మన చోడవరం, మాడుగుల చుట్టుపక్కల ఇలా మూసేసినవారు మాకే అయిదారుగురు తెలుసు. వారిలో ఇద్దరు ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పము, భయపడకండి.

రష్యాలో టాల్‌స్టాయ్ అంతటివాడు తన ఊరిలో రైతుబిడ్డలకు 1859లో బడి తెరిచాడు. ఒకనాడు ఒక సామెత ఇచ్చి కథ రాయమన్నాడు. పిల్లలకు చేతకాక, ఆయననే రాసి చూపమన్నారు. ఆయన రాస్తూ ఉంటే పిల్లలు భుజం మీద నుండి తొంగిచూచి, అది అలా కాదు, ఆ ముసలివాడు అలా మాట్లాడడు అని దిద్దటం మొదలుపెట్టారు. తరువాత ఆ ఇద్దరు ముగ్గురు పిల్లలు చెప్పినదే ఆయన రాసుకొన్నాడు. 1862లో దాని మీద పెద్ద వ్యాసం రాసి, రాయటం ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలి, రైతుబిడ్డలు మన దగ్గరనా, మనం వారి దగ్గరనా అని ప్రశ్నించాడు. ఆ వయసుకే పేరు పొందిన రచయిత అడిగిన ప్రశ్న ఇది. మనం అడగటానికి సిగ్గుపడవలసిన పని లేదు.

పిల్లలు లేచిపోయే చోట్లు మేము కొన్ని గమనించాము. మొదటిది, కథలో పిల్లవాడు ఏమీ చేయడు. కష్టం వస్తుంది, తాతగారో మాస్టారో వచ్చి తీరుస్తారు, పిల్లవాడు "ఇకపై బుద్ధిగా ఉంటాను" అంటాడు. వినే బిడ్డకు అందులో పనేమున్నది? రెండవది నీతి. మన ఆదివారపు బడి నడిపేవారికి ఈ మాట రుచించకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు. కథ అయిపోయాక దాని తోకకు నీతి కట్టి విడిచిపెట్టటం మనకు అలవాటయింది. కథలో అది ఉంటే బిడ్డ తీసుకొంటాడు, లేకపోతే కట్టినా నిలవదు. విజయనగరం చాసోగారి 'ఎందుకు పారేస్తాను నాన్నా!' చదవండి. పెద్దల కోసం రాసిన కథే గాని, పేదరికం వల్ల చదువు మానిపించిన పిల్లవాడి గుండె అందులో కొట్టుకొంటుంది. చదువు మంచిదని ఆయన ఎక్కడా ఉపదేశించలేదు.

మూడవది మా దృష్టిలో అన్నింటికన్నా పెద్దది. కథ మన ఊరిది కాదు. పోటీలకు వెళ్ళే కథల్లో రాజుగారు, సింహం, ఎక్కడో అడవి. మన పిల్లలకు సింహం బొమ్మలోనే తెలుసు. కాని రాత్రివేళ చెరకుతోటలో దూరి నక్క చెరకు నమలటం తెలుసు. బెల్లం వండే పెనం దగ్గర చెరకుముక్క పాకంలో ముంచుకొని, వేడి తగ్గేవరకు ఊదుకొంటూ నిలబడటం తెలుసు. శారదానదిలో నీళ్ళు ఎప్పుడు ఉంటాయో, ఎప్పుడు ఇసుకే ఉంటుందో తెలుసు. అనకాపల్లి మార్కెట్టులో దిమ్మలు ఎత్తే నాన్న భుజం మీద కాయ తెలుసు. వీటిమీద కథ ఏది? 2022లో మనం విశాఖపట్నం జిల్లా నుండి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాము గాని, కథల పుస్తకాల్లోకి ఇంకా రాలేదు.

భాష కూడా అంతే. మన పిల్లవాడు "ఏటయింది?" అంటాడు. కథలో వాడి చేత "ఏమైనది మిత్రమా?" అనిపిస్తాము. విన్న బిడ్డ, ఇది తన వంటివాడి కథ కాదని ఆ క్షణమే తేల్చుకొంటాడు. తీర్పరులు యాస చూసి మార్కులు తగ్గిస్తారేమోనని కొందరు భయపడుతున్నారు. తగ్గించేవారు ఉండవచ్చు. జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీకాకుళం వైపు మనిషి. సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పాలని, ఆ భాష తాను నేర్చుకొని పుస్తకాలు తయారుచేశారు. ఆయన పుట్టిన నేల మీద ఉండి, పిల్లవాడి మాట రాయటానికి మనకు జంకు ఎందుకు? నడిపే కథ అందరికీ తెలిసే తేట తెలుగులో ఉంచండి. పిల్లల మాటలు మాత్రం పిల్లలవిగా ఉంచండి.

ఇప్పుడు మా మనవి. ఈ ఉత్సవాలలో పిల్లల కథలకు పోటీ పెట్టాలని కమిటీవారు తలపెట్టినట్లు విన్నాము. మూడు బహుమతులు, మూడు షీల్డులు, ప్రశంసాపత్రాలు అని అనుకొంటున్నారట. సంతోషమే. అయితే షీల్డులు వద్దని మేము చేతులు జోడించి అడుగుతున్నాము. ఆ డబ్బుతో ఏమి చేయవచ్చునో చెబుతాము.

వచ్చిన ప్రతి కథనూ, గెలిచినదీ గెలవనిదీ, పిల్లల ఎదుట బిగ్గరగా చదవాలి. రాసినవారే చదవాలి, లేదా వారి ఎదుట మరొకరు చదవాలి. పక్కన ఒకరు కూర్చొని, పిల్లలు ఎక్కడ నవ్వారు, ఎక్కడ మంచినీళ్ళకు లేచారు, ఎక్కడ గుమ్మం వైపు చూశారు అని కథ అంచున గుర్తులు పెట్టాలి. తీర్పరులు ప్రతి కథ కింద రెండు వాక్యాలు రాయాలి. ఏది బాగున్నది, ఏది మార్చాలి. ఆ కాగితం రాసినవారికి తిరిగి వెళ్ళాలి. నెల రోజులు గడువిచ్చి, తిరగరాసిన కథను మరల తీసుకోవాలి. తీర్పు ఆ రెండవ ప్రతి మీదనే. చివరకు ఎనిమిదో పదో కథలు తేలితే, పెద్ద అక్షరాలతో చిన్న పుస్తకం వేసి, మన సంఘం పిల్లలకే గాక చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలలకు కూడా పంచాలి. బొమ్మలు పిల్లలే వేస్తారు. మనం వేస్తే బాగుండవు.

ఇది ఎక్కువ పని అని కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. నిజమే. తీర్పరులకు ముప్ఫై కథలు వస్తే అరవై వాక్యాలు రాయవలసి వస్తుంది. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక తల్లి, పదవ తరగతి చదివే ఒక అమ్మాయి తీర్పరులుగా ఉండటానికి ఇప్పటికే ఒప్పుకొన్నారు. పిల్లలను కూడా తీర్పరులలో ఉంచటమేమిటని ఆ పెద్దాయనే అడిగారు. చెప్పుల దుకాణంలో కాలు ఎవరిదో వారే తొడిగి చూచుకొంటారు గదా అన్నాము. నవ్వి ఊరుకొన్నారు. ఆ నవ్వును అంగీకారంగా తీసుకొంటున్నాము.

పోటీ ముగిశాక కూడా నెలకు ఒక శనివారం కూర్చుందాము. కథ తెచ్చినవారు చదువుతారు, తేనివారు వింటారు. ఏ పత్రికకు, ఏ పోటీకి ఏది తగునో అక్కడే మాట్లాడుకొందాము. కంప్యూటరులో తెలుగు టైపు చేయటం రానివారికి యువజన సంఘంలోని కుర్రాళ్ళు చేసి పెడతామన్నారు. అంగన్‌వాడీ సోదరి తన పిల్లలను తీసుకొని వస్తానని మాట ఇచ్చారు, వారు లేచిపోతే పోనివ్వండి అని కూడా చెప్పారు.

ఆదివారపు బడి గదిలో ఒక పుస్తకాల బీరువా ఉన్నది. అద్దంలో నుండి చూస్తే పాత 'చందమామ'లు కనబడుతున్నవి. దానికి తాళం వేసి చాలా కాలమయింది, తాళం చెవి ఎవరి వద్ద ఉన్నదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. సభలో ఎవరి ఇంటనైనా ఉంటే వచ్చే శనివారం మూడు గంటల లోపు అయ్యగారి ఇంట ఇవ్వవలసినదిగా కోరుతున్నాము. దొరకకపోతే తాళం పగులగొట్టించటానికి అయ్యగారు అనుమతి ఇచ్చారు.